మూత కొలత

లైసెన్సు కార్డు ద్వారకానాథ్ పర్సులో, డ్రైవింగ్ లైసెన్సు వెనక ఉంటుంది. దాని మీది గడువు ఆదివారంతో అయిపోతుంది. ఆ రోజు గురువారం.

పొద్దున ఆరింటి నుంచి ఆ కార్డును నాలుగుసార్లు బయటికి తీసి చూశాడు. చూసిన ప్రతిసారీ అదే తేదీ.

పురుగుమందులు కొట్టేవాళ్ళ లైసెన్సు ఐదేళ్ళకోసారి తిరగరాయించుకోవాలి. ఊరికే ఫీజు కడితే ఇవ్వరు. మళ్ళీ చదవాలి, మళ్ళీ చేసి చూపించాలి. ఆన్‌లైన్ పాఠాలు ఆరు ఉంటే, ఆరూ అయిపోయాయి. వంటింటి బల్ల మీద కూతురి పాత ల్యాప్‌టాప్ పెట్టుకుని రెండు వారాలు కూర్చున్నాడు. మిగిలింది ప్రాక్టికల్ ఒక్కటే. ఆ రోజు పదకొండింటికి.

అతనికి యాభై ఏడేళ్ళు. సిడ్నీ నైరుతి అంచున, ఎడ్మండ్‌సన్ పార్క్‌లో ఇల్లు. చుట్టూ అన్నీ కొత్త ఇళ్ళే. కొత్త ఇళ్ళలోకి మనుషుల కంటే ముందు చీమలు వస్తాయి, తరవాత సాలీళ్ళు, ఆ తరవాత బొద్దింకలు. పద్ధెనిమిదేళ్ళుగా వాటి వెనక తిరగడమే అతని పని.

తన్మయి యూనివర్సిటీకి తయారై వచ్చి, గిన్నెలో పాలు పోసుకుంటూ తండ్రిని చూసింది. అతను తలుపు నుంచి ఫ్రిజ్ దాకా, ఫ్రిజ్ నుంచి తలుపు దాకా నడుస్తున్నాడు.

"నాన్నా, యూ హావ్ బీన్ డూయింగ్ దిస్ ఫరెవర్. వాట్ కెన్ దే ఈవెన్ ఆస్క్ యూ?"

"అడిగేదేముందమ్మా. ఐదు లీటర్ల మందు కలపమంటారు. కలుపుతాను."

"దెన్ సిట్ డౌన్. యూ ఆర్ మేకింగ్ మీ నర్వస్."

కూర్చున్నాడు. తన్మయి స్పూను రెండుసార్లు నోట్లో పెట్టుకునే లోపల లేచాడు.

ఫోను మోగింది. నాలుగు వీధుల అవతల ఉండే శ్రీదివ్య. ఉగాదికి ఇల్లు దులిపే ముందు మందు కొట్టించుకున్న ఇళ్ళలో ఆ అమ్మాయిది ఒకటి. ఏటా ఉగాది ముందు మూడు వారాలు ద్వారకానాథ్‌కి తీరిక ఉండదు. మన వాళ్ళందరూ ఒకేసారి అలమరలు ఖాళీ చేస్తారు, ఒకేసారి పిలుస్తారు.

"అంకుల్, బిజీనా? థాంక్స్ చెప్దామని చేశానంతే. మీరు కొట్టి వెళ్ళినప్పట్నుంచీ ఒక్కటంటే ఒక్క బొద్దింక లేదు. పోయినసారి రెండు వారాలకే తయారయ్యాయి గదా, ఈసారి ఏం చేశారో గానీ సూపర్. సుమంత్ అయితే ఆఫీస్‌లో అందరికీ మీ నంబరే ఇస్తన్నాడు."

"చేసిందేముందమ్మా. ఎప్పుడూ కొట్టేదే."

"అయితే మీ చేతి మహిమే అంకుల్. ఇదిగో గీతిక కూడా థాంక్స్ చెప్తంది." ఫోనులో పాప ఊ కొట్టింది. దానికి ఎనిమిది నెలలు. ఇల్లంతా పాకుతోందని తల్లి మందు కొట్టిన రోజే చెప్పింది.

ద్వారకానాథ్‌కి మనసు కొంచెం కుదుటపడింది. పదిన్నరకి బయల్దేరాడు.

ప్రాక్టికల్ పెట్టేది ఒక రేకుల షెడ్డులో. పొడవాటి బల్ల. బల్ల మీద స్ప్రేయరు, నీళ్ళ క్యాను, మందు డబ్బా, కొలత జగ్గు, గ్లవ్స్. పరీక్ష తీసుకునే ఆమె పేరు హెలెన్. ముప్పై ఐదేళ్ళు ఉంటాయేమో. నవ్వు మొహం. చేతిలో అట్ట, అట్టకు గుచ్చిన కాగితాలు.

మందు అతను రోజూ వాడేదే. లేబుల్ మీద ఏ వరసలో ఏముందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఐదు లీటర్ల నీళ్ళకు ముప్పై మిల్లీలీటర్లు.

గ్లవ్స్ తొడుక్కున్నాడు. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. డబ్బా మూత నొక్కి తిప్పాడు. మూతలోకి మందు వంచి ట్యాంకులో పోశాడు. ఒకటి. రెండు. మూడు. నీళ్ళు పోసి, బిగించి, కదిపాడు. బయట చుక్క పడలేదు. గడియారం చూసుకుంటే రెండు నిమిషాలు కాలేదు.

"అయిపోయింది," అన్నాడు.

హెలెన్ బల్ల మీద కొలత జగ్గు వైపు చూసింది. అది పొడిగా ఉంది.

"కొలవలేదే?"

"కొలిచాను. మూత పది మిల్లీలీటర్లు. మూడు మూతలు."

"పది అని మూత మీద ఉందా?"

"లేదు. నేనే ఇంట్లో కొలిచాను. ఒకసారి కాదు, పదిసార్లు." అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. "కావాలంటే మీరే కొలిచి చూడండి."

ఆమె గ్లవ్స్ తొడుక్కుంది. గీతలున్న సన్నటి గాజు గొట్టం తెచ్చి బల్ల మీద నిలబెట్టింది. అదే మూతతో మూడుసార్లు పోసింది. అతను నిలబడ్డ చోటి నుంచి మందు ముప్పై గీత దాటినట్టు కనిపించింది. బల్ల ఒరిగి ఉందేమో అనుకున్నాడు.

ఆమె మోకాళ్ళు వంచి, గీతకు కన్ను సమానంగా పెట్టి చూసింది. పక్కకు జరిగి అతనికి చోటిచ్చింది.

అతనూ వంగాడు. నలభై రెండు.

లేచాక కూడా అంకె కళ్ళలోనే ఉంది. హెలెన్ మాట్లాడుతోంది. ఇది ఫెయిలయినట్టు కాదు, ఇంకోసారి చేసి చూపించాలి, రేపు పదింటికి చోటు ఖాళీగా ఉంది. పాసయితే సర్టిఫికెట్ రేపే పంపిస్తుంది, లైసెన్సు ఆగదు. దాంతోపాటు ఒక పత్రం మీద సంతకం పెట్టి తేవాలి. మూడేళ్ళుగా అతను వాడిన మందు ఎంతో, ఎక్కడో రాసిన రికార్డు నిజమని.

"మామూలు సంతకమే," అందామె. "అందరూ పెట్టేదే."

తన యూట్‌లో, వెనక సామాను తొట్టి ఉన్న బండిలో, కూర్చుని తలుపు వేసుకున్నాడు. తాళం తిప్పలేదు.

రెండేళ్ళ కిందటి ఎండాకాలంలో బండి వేడికి కొలత జగ్గు పగిలింది. ఆ సాయంత్రం ఇంట్లో, భార్య కాత్యాయని దగ్గరున్న సిరంజితో మూతలో నీళ్ళు పోసి చూశాడు. పది. మళ్ళీ చూశాడు, పది. మర్నాడే కొత్త జగ్గు కొన్నాడు గాని అవసరం పడలేదు. అది ఇప్పటికీ సీటు కింద, ప్లాస్టిక్ కవరులో ఉంది.

ఉగాది ముందు పాత డబ్బాలు అయిపోయి కొత్తవి వచ్చాయి. మందు అదే, లేబుల్ అదే. మూత ఒక్కటే మారింది. పిల్లలు తెరవకుండా నొక్కి తిప్పే మూత. కొంచెం లోతు. మొదటి రోజు అది రాక విసుక్కోవడం గుర్తుంది. కొలవాలని తోచలేదు.

రికార్డు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కొత్త డబ్బా తెరిచిన రోజు నుంచి లెక్కపెట్టాడు. ఇరవై మూడు ఇళ్ళు. ప్రతి ఇంటి ఎదుటా తన చేతిరాతలోనే ముప్పై, ముప్పై, ముప్పై. వరసలో మొదటి ఇల్లు శ్రీదివ్యది.

చేతి మహిమ.

కిటికీ దించాడు. గాలి చాలలేదు. దిగి బండి చుట్టూ నడిచాడు.

ఈ దేశం రాకముందు పదకొండేళ్ళు అతను ఒక పురుగుమందుల కంపెనీలో ఫీల్డ్ ఆఫీసరు. గుంటూరు చుట్టుపక్కల మిరప చేలన్నీ మోటార్‌సైకిల్ మీద తిరిగాడు. గట్టు మీద నిలబడి రోజుకు నాలుగుసార్లు అదే మాట చెప్పేవాడు: మూతతో కొలవొద్దు, అన్ని మూతలూ ఒకటి కావు. చెప్పి, కంపెనీ ఇచ్చిన తెల్ల కొలత గ్లాసులు పంచేవాడు. మళ్ళీ వెళ్ళినప్పుడు ఒక రైతు ఆ గ్లాసును గోడకు మేకు కొట్టి తగిలించి ఉండటం చూశాడు. అదేంటయ్యా అంటే, "కొత్తది గదా సారూ, మందులో ముంచితే పాడైపోద్ది" అన్నాడు. ఆ మాట ఆఫీసులో చెప్పుకుని ఎన్ని రోజులు నవ్వారో.

సీటు కింద చెయ్యి పెట్టాడు. కవరు చప్పుడు చేసింది.

ఇంటికి వెళ్ళలేదు. మధ్యాహ్నం ఉన్న రెండు పనులూ వాయిదా వేశాడు. లివర్‌పూల్ దాకా వెళ్ళి, ఎందుకొచ్చాడో తెలియక వెనక్కి తిరిగాడు. దారిలో బాలమురళికి ఫోన్ చేశాడు. అతనిదీ ఇదే పని. వరంగల్ వైపు మనిషి, ద్వారకానాథ్ కన్నా పదేళ్ళు చిన్న.

బాలమురళి అంతా విని నవ్వాడు. "గింతేనా అన్నా? నేనింకా ఎవరికన్న ఏమన్న అయిందేమో అనుకున్న."

"ఇరవై మూడు ఇళ్ళు మురళీ."

"ఇరవై మూడు ఇండ్లల్ల బొద్దింకలు సచ్చినయ్. మంచిగైంది. నువ్వు రేపు వొయ్యి జగ్గుతోని కలిపి చూపియ్యి, ఆ కాయితం మీద సంతకం కొట్టు, ఇంటికి రా. ఎవడు చూస్తడు ఆ బుక్కు? పదేండ్లల్ల నన్నొక్కడన్న అడగలే."

"చూడరనే గదా నా బాధ."

"అగో, మొదలువెట్టిండు సారు. అన్నా, నువ్వు నిజం రాస్తే వాళ్ళు నీకు దండ ఎయ్యరు. ఫైలు పక్కకు పెడ్తరు. ఆదివారం దాటినంక నువ్వు చీమ మీద గూడ మందు కొట్టరాదు, యాది పెట్టుకో."

అది ద్వారకానాథ్‌కి తెలుసు. సంతకం పెడితే సోమవారం పొద్దున యథాప్రకారం పని. పెట్టకపోతే ఎన్నాళ్ళు కూర్చోవాలో ఎవరూ చెప్పరు. పద్ధెనిమిదేళ్ళలో పని లేని సోమవారాన్ని అతను ఎరగడు.

కాత్యాయని వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి ఐదున్నరకి ఇల్లు చేరేసరికి భర్త వంటింటి సింకు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎదురుగా మూతలు, పాతవీ కొత్తవీ. కడిగి తుడిచినవే. పక్కన ఇంకా కవరు విప్పని జగ్గు.

"ఏంటండీ ఇది, మూతల కొలువు? సింకు దగ్గరా అవి పెట్టేది?"

చెప్పాడు. ఆమె హ్యాండ్‌బ్యాగు భుజాన ఉండగానే వింది. విన్నాక మూతలన్నీ ఒక కవర్లో వేసి గరాజులో పెట్టి వచ్చి, సింకు సబ్బుతో తోమింది.

"శ్రీదివ్య వాళ్ళింట్లో పాప ఉంది గదా," అంది తోముతూనే.

"ఉంది."

"పాకుతోందా?"

"పాకుతోంది."

ఆమె చేతులు తుడుచుకుంది. "మీరు ఆ కాయితం గురించే పొద్దుట్నుంచీ తిరుగుతున్నారు. మా వార్డులో తప్పు డోసు పడితే ఫారం నింపడం తరవాత. ముందు మంచం దగ్గరకెళ్ళి పేషెంటుతో చెప్తాం. ఎంత పడింది, ఏమవుద్ది, మేమేం చేస్తన్నాం. వాళ్ళు తిడితే వింటాం."

"వాళ్ళు నా నంబరు ఊరందరికీ ఇస్తన్నారే."

"అందుకే ముందు వాళ్ళకి చెప్పండి. ఫోన్ చేశారా పాయిజన్స్ లైన్‌కి?"

చెయ్యలేదు. విషాల మీద సలహా చెప్పే ఆ నంబరుకు అప్పుడే, ఆమె ఎదుట నిలబడి చేశాడు. అవతలి ఆమె మందు పేరు, డోసు, రోజులు అడిగింది. మూడు వారాలైంది, ఆరిపోయింది, పాపకు ఏ లక్షణాలూ లేవంటున్నారు కాబట్టి కంగారు పడక్కర్లేదంది. అలాగని లేబుల్ దాటి కొట్టడం సరికాదని కూడా అంది. గోడల అడుగున కొట్టిన చోట సబ్బు నీళ్ళతో తుడిస్తే మంచిదంది.

ఫోను పెట్టేశాక కాత్యాయని అన్నం వండింది. అతను రెండు ముద్దలు తిని లేచాడు.

శుక్రవారం ఎనిమిదింటికి శ్రీదివ్య వాళ్ళ గంట కొట్టాడు. తలుపు తీసింది ఆమె భర్త సుమంత్. ఇంటి నుంచే ఆఫీసు పని, పైన చొక్కా, కింద షార్ట్సు.

"అంకుల్! రండి రండి. కాఫీ?"

"వద్దు బాబూ. అమ్మాయిని కూడా పిలువు. ఒక మాట చెప్పి వెళ్తాను."

శ్రీదివ్య వచ్చింది. పాప హాల్లో నేల మీద ఉంది. సోఫా వెనక్కి, గోడ అంచున ఉండే చెక్క పట్టీ వైపు పాకుతోంది. అతను కొట్టింది సరిగ్గా ఆ పట్టీ వెంబడే.

ద్వారకానాథ్ నిలబడే చెప్పాడు. మూతతో కొలిచి, ముప్పై కొట్టాల్సింది నలభై రెండు కొట్టాను. పొరపాటు నాది. మీ ఒక్కరింట్లోనే కాదు, ఇరవై మూడు ఇళ్ళలో. పాయిజన్స్ వాళ్ళను అడిగాను, పాపకు ప్రమాదం లేదన్నారు. వాళ్ళ నంబరు ఇదిగో, మీరూ అడగండి.

అతను రెండో వాక్యంలో ఉండగానే శ్రీదివ్య వెళ్ళి పాపను నేల మీద నుంచి ఎత్తుకుంది. అరచేతులు తెరిచి చూసింది. తన కుర్తా అంచుతో తుడిచింది.

"మూతతో కొలిచారా?" అన్నాడు సుమంత్. "అంకుల్, మీరు... ఐ మీన్, మీరు ప్రొఫెషనల్ కదా."

"అవును బాబూ."

"మా టీమ్‌లో ఆరుగురికి చెప్పాను మీ గురించి."

"వాళ్ళకి కూడా చెప్పు, ఇది."

శ్రీదివ్య పాపను చంక మార్చుకుంది. "నిన్న నేను ఫోన్ చేసి పొగిడినప్పుడు మీకు తెలుసా అంకుల్?"

"లేదమ్మా. తరవాత తెలిసింది."

ఆమె తలూపింది. కూర్చోమని ఎవరూ అనలేదు. చెక్క పట్టీలు తనే వచ్చి తుడుస్తానన్నాడు. చూద్దాం అంది.

పదింటికి షెడ్డులో హెలెన్ ముందు నిలబడ్డాడు. పాత చొక్కా మీదే ఉన్నాడు. డబ్బా తీసుకుని లేబుల్ మొదటి నుంచి చదివాడు, కంఠతా వచ్చినదే అయినా వేలు పెట్టి. షెడ్డులోని కొలత జగ్గును బల్ల మీద పెట్టి మందు వంచాడు. మోకాళ్ళు వంచి గీతకు కన్ను సమానంగా పెట్టాడు. ముప్పై. మందు ఊగుతోంది. అది నిలిచేదాకా ఆగాడు. నిలిచాక కూడా ముప్పై. ట్యాంకులో పోసి, జగ్గును మూడుసార్లు కడిగి ఆ నీళ్ళు కూడా ట్యాంకులోనే పోశాడు. పదకొండు నిమిషాలు పట్టింది.

హెలెన్ అట్ట మీద టిక్కు పెట్టింది. "సంతకం పత్రం?"

పత్రం ఇచ్చాడు. నిజమని ఉన్న గడి ఖాళీగా ఉంది. కాదు అన్న గడిలో గుర్తు. వెనక రెండు కాగితాలు పిన్ను చేసి ఉన్నాయి: ఇరవై మూడు చిరునామాలు, తేదీలు, ముప్పై కొట్టివేసి పక్కన నలభై రెండు.

ఆమె నెమ్మదిగా చదివింది. మళ్ళీ మొదటి పేజీకి వచ్చింది.

"నువ్వు నాకు ఇది ఇవ్వకపోయినా నాకు తెలిసేది కాదు," అంది. "నిన్నటిది పరీక్ష గదిలో జరిగిన తప్పు. అంతవరకే నా పని."

"తెలుసు."

"ఇది ఇస్తే నేను డిపార్ట్‌మెంట్‌కి పంపాలి. వాళ్ళు చూసేదాకా రెన్యువల్ ఆగుతుంది. వారాలు పట్టొచ్చు. రావొచ్చు, రాకపోవచ్చు. నేనేమీ చెప్పలేను."

"పంపండి."

ఆమె పంపింది. ఆదివారం వచ్చింది, వెళ్ళింది. కార్డు పర్సులోనే ఉంది, మామూలు ప్లాస్టిక్ ముక్కలా.

సోమవారం మిగతా ఇరవై రెండు ఇళ్ళకు ఫోన్లు. కూర్చుని ఒక్కటీ చెయ్యలేకపోయాడు. పెరట్లో బట్టల తీగ కింద అటూ ఇటూ నడుస్తూ చేశాడు. తిడతారని గుండె దిటవు చేసుకుంటే, తిట్టినవాళ్ళు ఇద్దరే. ఒకామె మళ్ళీ రావద్దంది. ఎక్కువ మంది, అయ్యో పర్లేదంకుల్ అన్నారు. ఆ మాట అతనికి తిట్టుకన్నా నిలకడ లేకుండా చేసింది. డెబ్భై దాటిన కృష్ణమూర్తి గారైతే పూర్తిగా విని, "ఓహో, అదా సంగతి! అందుకేనా ఈసారి బ్రహ్మాండంగా పనిచేసింది. ఏమయ్యా, దసరాకి కూడా అదే డోసు కొట్టవయ్యా" అన్నారు.

"కుదరదండీ."

"మన మనిషివే గదయ్యా, ఎవరికి తెలుస్తుంది?"

"నాకు లైసెన్సు లేదండిప్పుడు," అని ఫోను పెట్టేశాడు.

ఆ వారం పనులన్నీ బాలమురళికి అప్పజెప్పాడు. "నువ్వు మొండోనివే అన్నా," అన్నాడు బాలమురళి. గొంతు తగ్గించి, "నాయి గూడ అవే డబ్బాలు. నేను జగ్గుతోనే పోస్త గని... ఒకపారి చూస్కుంట తియ్" అన్నాడు.

మంగళవారం పొద్దున శ్రీదివ్య నుంచి మెసేజ్ వచ్చింది. పది తరవాత రావచ్చు, అంతే.

బకెట్టు, బట్టలు, గ్లవ్స్, సబ్బు, మూత ఉన్న ఖాళీ డ్రమ్ము యూట్‌లో పెట్టుకుని వెళ్ళాడు. తలుపు శ్రీదివ్య తీసింది. పాప చంకలో ఉంది. అతన్ని చూసి పాప నవ్వింది. తల్లి పక్కకు తప్పుకుని దారిచ్చింది.

సోఫా జరిపాడు. కవరు చింపి జగ్గు బయటికి తీశాడు. సబ్బు వంచి, వంగి గీత చూశాడు.

"సబ్బు కూడా కొలుస్తారా అంకుల్?" వెనక నుంచి శ్రీదివ్య.

అతను వెనక్కి చూడలేదు. ఆ గొంతులో నవ్వు ఉందో లేదో తెలియలేదు. "కొలుస్తానమ్మా," అన్నాడు.

మోకాళ్ళ మీద కూర్చుని తలుపు పక్క నుంచి మొదలుపెట్టాడు. సబ్బు నీళ్ళతో ఒకసారి, మంచి నీళ్ళతో ఒకసారి. జానెడు జానెడు చొప్పున. మురికి నీళ్ళు కాలువలో పొయ్యకుండా డ్రమ్ములోకి వంచాడు. హాలు అయింది. వంటింటి అలమరల కింద అయింది. నడుము పట్టేసింది. ఐదు రోజుల్లో మొదటిసారి అతను ఒక చోట గంటకు పైగా ఉన్నాడు.

పాప కిందికి దిగాలని కాళ్ళు కొట్టుకుంటోంది. శ్రీదివ్య దించలేదు. గోడ వారగా వచ్చి, తడిగా మెరుస్తున్న పట్టీని చూస్తూ నిలబడింది.

"ఎంతసేపు పడుతుంది అంకుల్ ఆరడానికి?"

"అరగంటమ్మా."

"సరే. ఆరాక దింపుతాను," అంది.

అతను బకెట్టు ఎత్తుకుని పడకగదిలోకి వెళ్ళాడు. అక్కడ ఇంకా నాలుగు గోడలున్నాయి.